ఐదు వేల గది, ఎనిమిది వేల గది: ఆరేళ్లు దాటిన నా ఆరోగ్య బీమా

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసి రాసి 60వ ఏట ఇంటికొచ్చాను. పెన్షన్ లేదు. నాకూ మా ఆవిడకూ కలిపి ఐదు లక్షల పాలసీ తీసుకున్నాం, ఇది ఏడో ఏడు. కంపెనీ పేరు చెప్పను. ఈ గది అద్దె గొడవ చాలా పాలసీల్లో ఉన్నదే.

మొదట్లో నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో పొద్దున నడిచేవాళ్లందరి ముందు దీన్ని తెగ పొగిడాను. నాకు డెంగీ వచ్చినప్పుడు నల్లగొండలోనే క్యాష్‌లెస్ అయింది, జేబులోంచి పైసా తీయలేదు. అప్పుడు పడుకున్నది జనరల్ వార్డులో అన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

పోయినేడు మా ఆవిడ బాత్‌రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్ తీసుకెళ్లాం. షేరింగ్ గదులు నిండిపోయాయి, రోజుకు 8,000 గది ఒక్కటే ఖాళీ అన్నారు. మా పాలసీలో కంపెనీ ఇచ్చే గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000. "మూడు వేలే కదా నాన్నా తేడా, నాలుగు రోజులకు పన్నెండు వేలు, నేను కడతా" అంది బిడ్డ. జీవితమంతా లెక్కలు రాసినవాణ్ని, నాకూ అంతే తోచింది.

డిశ్చార్జి నాడు కాగితం చేతికొచ్చింది. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగ్ కలిపి 1,20,000. దాని ఎదురుగా 75,000 అని ఉంది. మిగతా 45,000 ఏమైందంటే, కౌంటర్లో పిల్లవాడు కాగితం అంచున పెన్నుతో 5/8 అని రాసి చూపించాడు. పరిమితి దాటిన గదిలో ఉంటే ఇవన్నీ అదే నిష్పత్తిలో కోస్తారట! మందులకు, టెస్టులకు, లోపల వేసిన ఇంప్లాంటుకు కోత లేదు, అదొక్కటే ఊరట. గ్లవ్స్, మాస్కుల ఖర్చు వేరే, అదీ మా జేబులోంచే. పన్నెండు వేలనుకున్నది అరవై దాటింది. పాలసీ పుస్తకంలో ఉన్న ముక్కే, నేను చదవలేదు. ఏజెంటునడిగితే "మీరు అడగలేదు సార్" అన్నాడు.

అయినా పాలసీ వదల్లేదు. నాకు షుగరు. వేరే కంపెనీకి పోర్ట్ కావాలంటే, అంటే ఇదే పాలసీని అక్కడికి మార్చుకోవాలంటే, రెన్యువల్‌కు 45 రోజుల ముందే అడగాలి, అడిగినా వాళ్లు ఒప్పుకోవాలనేం లేదు. పెద్దవాళ్లకు సర్కారు ఇచ్చే ఉచిత వైద్యం కార్డు, ఆయుష్మాన్ వయ వందనకు 70 నిండాలి, నాకే ఇంకా టైముంది, ఆవిడకు మరీ దూరం. 2025 సెప్టెంబరులో ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు కదా, ఆ మిగిలినదాంతో గది పరిమితి లేని ప్లాన్‌కు మారుస్తారా అని మా కంపెనీని అడిగాను. జవాబు రాలేదు.

సర్కారు పెన్షనర్లకో, పిల్లల ఆఫీసు బీమాలో పేరున్నవాళ్లకో ఈ బాధ ఉండకపోవచ్చు. నాలాంటివాళ్లు మాత్రం ప్రీమియం కన్నా ముందు గది అద్దె సంగతి అడగండి. నేనైతే ప్రస్తుతానికి పాలసీ కార్డు వెనక మార్కరుతో "5,000 గది" అని రాసి ఆవిడ పర్సులో పెట్టాను.