స్టీరింగ్‌ని కొత్తదానిలా చేస్తామనే ‘ఒక్క సీసా’ సరుకు: కొనేముందు జాగ్రత్త

అరిగి రంగు వెలిసిన స్టీరింగ్‌ని ఒక్క సీసాతో కొత్తదానిలా చేస్తామని చెప్పే బామ్‌లు, రిస్టోరర్‌లు, డై క్రీములు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటి జోలికి వెళ్ళేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అమ్మేవాళ్ళ వీడియోలన్నీ ఒకే తీరు. స్పాంజి మీద నాలుగు చుక్కలు వేసి రుద్దగానే పాలిపోయిన లెదర్ నల్లగా మెరిసిపోతుంది. వీడియో అక్కడే ఆగుతుంది. కొన్నవాళ్ళ తిప్పలు ఆ తర్వాత మొదలవుతాయి.

మొదట్లో బాగానే ఉంటుంది. ఎండకి కారు వేడెక్కి చేతికి చెమట పట్టగానే రంగు అరచేతులకి అంటుకుంటుంది. అక్కడినుంచి గేర్ నాబ్‌కి, సీటుబెల్టుకి, లేత రంగు చొక్కాకి పాకుతుంది. చెయ్యి ఎక్కువగా ఆనించే చోట, అంటే గడియారంలో పది, రెండు అంకెలుండే స్థానాల్లో, రంగు మచ్చలు మచ్చలుగా లేచిపోయి మునుపటికంటే అసహ్యంగా తయారవుతుంది. రిటర్న్ అడిగితే ‘సీల్ తీసేశారు కదా’ అంటారు. లేదంటే ‘మీరు సరిగ్గా శుభ్రం చెయ్యలేదు’ అని నెపం కొన్నవాళ్ళ మీదకే నెడతారు. శుభ్రం చెయ్యకపోతే రంగు నిలవదన్న మాట నిజమే. మరి ఆ మాట అమ్మేటప్పుడే చెప్పాలి కదా! శుభ్రంగా తుడిచాక రాసినా ఈ బామ్ ఎక్కువ కాలం నిలవదన్నది ఇంకా పెద్ద నిజం.

ఎందుకు నిలవదో చూడండి. కారు స్టీరింగ్‌కి తొడిగే లెదర్ దాదాపు ఎప్పుడూ పూత వేసిన రకమే. తోలు మీద రంగు పొర, దానిమీద పారదర్శకమైన పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పొర ఉంటాయి. మన చెయ్యి తగిలేది తోలుకి కాదు, ఆ పై పొరకి. చెమట, చర్మపు జిడ్డు, సన్‌స్క్రీన్, చేతులకి రాసుకునే క్రీము కలిసి దాన్ని మెత్తబరుస్తాయి. ఎండ పెళుసు చేస్తుంది, ఉంగరం గీరుతుంది. పై పొర పోయాక రంగు పొర అరుగుతుంది, ఆ తర్వాత నూగులాంటి తోలు పీచు బయటపడుతుంది. ఇలా పోయిన రెండు పొరల స్థానంలో బామ్ పెట్టేది మైనం, నూనె, కొంచెం రంగు. ఇది గట్టిపడి పొరగా నిలిచే పదార్థం కాదు. తోలు బయటపడిన చోట కాస్త ఇంకుతుంది, పూత మిగిలిన చోట పైపైన ఉండిపోతుంది. ఎప్పుడో ఒకసారి తాకే వస్తువుకైతే సరిపోతుందేమో గానీ, గంటల తరబడి అరచెయ్యి రాపిడి తగిలే స్టీరింగ్‌కి చాలదు.

నష్టం అక్కడితో ఆగదు. బామ్‌లోని మైనం, కొన్నింట్లో ఉండే సిలికోన్ తోలులోకి దిగితే, ఆ తర్వాత మంచి రంగు వేయించుకుందామన్నా పట్టదు. వేసిన రంగు చేపకళ్ళలా చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. డబ్బు పోవడం కంటే ఇది ఎక్కువ బాధ పెట్టే విషయం.

ఇంకో మాట. స్టీరింగ్ నిగనిగలాడితే చాలామంది అది లెదర్ మెరుపనుకుంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లెదర్ స్టీరింగ్ మామూలుగా మాట్‌గానే, అంటే మెరుపు లేకుండానే ఉంటుంది. మెరుస్తోందంటే పైన జిడ్డు పేరుకున్నట్టు, లేదా లెదర్ మీది సన్నని గరుకు అరిగి నున్నబడినట్టు. ఏదన్నది తేల్చుకోవడం తేలిక. తెల్ల మైక్రోఫైబర్ గుడ్డ కొసకి కొద్దిగా లెదర్ క్లీనర్ పట్టించి, స్టీరింగ్ కింది వైపు రెండు మూడు అంగుళాల మేర పదిసార్లు రుద్దండి. గుడ్డకి మట్టిరంగు జిడ్డు అంటి, తుడిచిన చోటు ఆరాక మాట్‌గా తేలితే అది మురికి. మీకు రంగు అవసరమే లేదు, ఒక మంచి క్లీనర్ చాలు. గుడ్డకి స్టీరింగ్ రంగే వస్తోందంటే పై పొర పోయింది, లేదా ముందెవరో రంగు పూశారు. అక్కడితో రుద్దడం ఆపండి.

మీ స్టీరింగ్ అసలు లెదరేనా అన్నదీ ముందే చూసుకోవాలి. కుట్లు ఉన్నంత మాత్రాన లెదర్ అనుకోవద్దు, రెక్సిన్‌కీ కుట్లు ఉంటాయి. అరిగిన చోట నూగులాంటి పీచు కనిపిస్తే తోలు. పలచని ప్లాస్టిక్ పొర పెచ్చులుగా లేచి కింద అల్లిన బట్ట కనిపిస్తే పీయూ (పాలీయురెథేన్) రెక్సిన్. ఇలా ఊడుతున్న రెక్సిన్‌ని బాగుచేసే సీసా ఏదీ లేదు. ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, కొత్త తొడుగు కుట్టించుకోవడమే మార్గం. కుట్లే లేకుండా ఒకే అచ్చులో పోసినట్టుంటే అది పాలీయురెథేన్ ఫోమ్ స్టీరింగ్. దానికి లెదర్ కండిషనర్ (తోలుని మెత్తగా ఉంచే క్రీము) అమ్మజూపితే అది వృథా ఖర్చే.

ఇక వాడకూడనివి. ‘మ్యాజిక్ స్పాంజి’ అనే తెల్ల మెలమైన్ ఫోమ్ నిజానికి చాలా సన్నని ఎమరీ కాగితంతో సమానం. మురికితో పాటు పై పొరనీ గీకేస్తుంది. మొదటిసారి అద్భుతంగా శుభ్రం చేస్తుంది కాబట్టే జనం మోసపోతారు. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ పూతనే కరిగిస్తాయి. వంటింటి జిడ్డు క్లీనర్లు, గాజు తుడిచే అమోనియా ద్రవాలు క్షారగుణం కలవి. తోలుకి సహజంగా ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి పూత అరిగిన చోట అవి లోపలికి దిగి తోలుని గట్టిపరుస్తాయి. కొబ్బరినూనె, ఆలివ్ నూనె రాయడం వల్ల పూత ఉన్నచోట లాభం సున్నా, పైగా దుమ్ము పట్టి జిడ్డు రెట్టింపవుతుంది. డాష్‌బోర్డ్ పాలిష్ మాత్రం స్టీరింగ్ దగ్గరికి రానివ్వకండి. సిలికోన్ ఉన్న పాలిష్ రాసిన స్టీరింగ్ మలుపులో చేతిలోంచి జారుతుంది, ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం. శానిటైజర్‌లో 60 శాతం పైనే ఆల్కహాల్ ఉంటుంది, అదీ పూతని మెత్తబరుస్తుంది. అది రాసుకున్నాక చేతులు పూర్తిగా ఆరేదాకా స్టీరింగ్ పట్టుకోకండి.

సరైన శుభ్రతకి కావలసినవి కొంచెమే. నీటితో చేసిన, పీహెచ్ 5 నుంచి 7 మధ్య ఉండే లెదర్ క్లీనర్, మెత్తటి కుచ్చు బ్రష్, మూడు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు. ఇంజన్ ఆపి, కారుని నీడలో పెట్టి, స్టీరింగ్ చల్లబడ్డాక మొదలుపెట్టండి. క్లీనర్‌ని నేరుగా స్టీరింగ్ మీద ఎప్పుడూ కొట్టకూడదు. తడి స్విచ్చుల సందుల్లోకి, మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉండే ప్యాడ్ అంచుల్లోకి దిగుతుంది. బ్రష్ మీద రెండు మూడు స్ప్రేలు చాలు. చేతివెడల్పు మేర మాత్రమే తీసుకుని, బ్రష్‌ని నొక్కకుండా గుండ్రంగా తిప్పండి. నురుగు టీ రంగులోకి మారుతుంది. అది ఆరేలోపు, నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచెయ్యండి. ఆరనిస్తే మురికి మళ్ళీ లెదర్ మీదే అతుక్కుంటుంది. నురుగు తెల్లగా వచ్చేదాకా అదే చోట మళ్ళీ చెయ్యండి. బాగా జిడ్డు పట్టిన స్టీరింగ్‌కి ఇది రెండు మూడుసార్లు పడుతుంది. ఓపిక పట్టాలి, బలం పెట్టకూడదు.

కుట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. దారం పక్కన సన్నని గాడిలో నల్లటి ముద్ద గట్టిపడి ఉంటుంది. మెత్తటి టూత్‌బ్రష్‌ని కుట్టు పొడవునా నడిపితే అది ఊడి వస్తుంది. అడ్డంగా రుద్దితే దారం పోగులు లేస్తాయి. పనయ్యాక పొడి గుడ్డతో తుడిచి, కనీసం ఒక గంట గాలికి ఆరనివ్వండి. తర్వాత జిడ్డు లేని లెదర్ ప్రొటెక్టెంట్ పలచగా ఒక్కసారి రాస్తే సరి. రోజూ నడిపే కారుకి వారానికోసారి తడిపి పిండిన గుడ్డతో తుడిచి, నెలకో రెండు నెలలకో క్లీనర్ వాడితే ఈ నిగనిగ మళ్ళీ రాదు.

రంగు నిజంగా పోయి ఉంటే దారి వేరు. అందుకు కావలసింది ఒక సీసా కాదు, ఒక వరస. క్లీనర్, జిడ్డు తీసే ప్రిపరేషన్ ద్రవం, నీటి ఆధారిత లెదర్ పిగ్మెంట్ (రంగు), దానిమీద మాట్ టాప్ కోట్ (రంగుని కప్పే పారదర్శక పై పొర), ఆ టాప్ కోట్‌ని గట్టిపరిచే క్రాస్‌లింకర్. కిట్‌లో టాప్ కోట్ లేకపోతే అది ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. రంగుని కాపాడేదే అది. పరిమాణం చూపించి ధర పెంచే సెల్లర్లూ ఉన్నారు. స్టీరింగ్ రింగు చుట్టుకొలత సుమారు 1.2 మీటర్లు, ఆ రింగుని చేత్తో పట్టుకునే చోట దాని మందం చుట్టుకొలత సుమారు 10 సెంటీమీటర్లు. మొత్తం కలిపితే రెండు ఏ4 కాగితాలంత చోటు. దానికి 50 మిల్లీలీటర్ల రంగు ధారాళంగా సరిపోతుంది, 250 మిల్లీలీటర్ల సీసా అక్కర్లేదు.

పని క్రమం ఇది. శుభ్రం చేసి ఆరబెట్టాక, స్విచ్చులకీ మధ్య ప్యాడ్‌కీ మాస్కింగ్ టేప్ అంటించండి. లేచిన పీచుని 600 నంబరు వాటర్ పేపర్‌తో (సన్నని ఎమరీ కాగితం), చుట్టూ అంచుని 1000తో చాలా తేలిగ్గా సమం చెయ్యండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. రోజువారీగా ఆల్కహాల్ తగలనివ్వద్దన్నాం గానీ, ఇక్కడ మిగిలిన జిడ్డు పోవడమే ముఖ్యం. తర్వాత స్పాంజి ముక్కతో రంగుని అద్దాలి, రుద్దకూడదు. మొదటి పొరకి మచ్చలుగానే కనిపిస్తుంది, కంగారుపడి మందంగా పూస్తే ఆరాక పగుళ్ళిస్తుంది. మూడు నుంచి ఐదు పలచని పొరలు వెయ్యండి. ఒక్కో పొర తర్వాత హెయిర్ డ్రయ్యర్‌ని జానెడు దూరంలో పెట్టి ఆరబెట్టండి. ఆపైన టాప్ కోట్ కూడా అలాగే మూడు పలచని పొరలు. క్రాస్‌లింకర్ ఎంత కలపాలో లేబుల్ మీదున్న లెక్కే ఖాయం. కలిపింది మిగిల్చి మర్నాడు వాడకండి. చేతికి తొడుగులు, కారు తలుపులు తెరిచి ఉంచడం తప్పనిసరి. 24 గంటలు కారు తియ్యకుండా ఉంటే మంచిది, వారం రోజులు క్లీనర్ ముట్టించకండి. స్టీరింగ్ విప్పి చేస్తే పని నీటుగా వస్తుందని కొందరు సలహా ఇస్తారు. ఎయిర్‌బ్యాగ్, దాని వెనక క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరిగినా ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందేలా చూసే చుట్టవైరు) ఉన్న స్టీరింగ్‌ని ఇంట్లో విప్పకండి, అది తెలిసిన మెకానిక్ పని.

కవర్ తొడిగితే సరిపోతుందనుకునేవారికి ఒక్క మాట. వదులుగా ఉండి రింగు మీద తిరిగే కవర్ ప్రమాదకరం. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయా లేదా అని గుర్తించే సెన్సార్ ఉన్న కార్లలో మందపాటి కవర్ ఆ సెన్సార్‌ని అడ్డుకోవచ్చు. జిడ్డు తుడవకుండా కవర్ వేస్తే లోపల చెమట చేరి పూత ఇంకా వేగంగా పాడవుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా ఈ బామ్‌లని గుర్తుపెట్టుకోండి. ఎక్కువ తిరిగిన బండిని తక్కువ తిరిగినట్టు చూపడానికి స్టీరింగ్‌కి రంగు పూసి పెడతారు. కుట్టు దారాన్ని దగ్గరగా చూడండి. వేరే రంగులో ఉండాల్సిన దారం లెదర్ రంగులోనే కనిపిస్తున్నా, దారం పోగుల మధ్య రంగు గడ్డకట్టి ఉన్నా అనుమానించాలి. తడి తెల్ల గుడ్డతో గట్టిగా ఒకసారి తుడిస్తే గుడ్డే చెబుతుంది. స్టీరింగ్ కొత్తగా ఉండి బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు అరిగిపోయి, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగిపోయి ఉంటే మీటర్‌లోని కిలోమీటర్లని నమ్మకండి, సర్వీస్ రికార్డు అడగండి.

కొనక తప్పదనుకుంటే రివ్యూల్లో నెలలు గడిచాక పెట్టిన ఫొటోలు వెతకండి. కొన్న రోజున పెట్టిన ఐదు నక్షత్రాలకి విలువ లేదు. పదార్థాలేమిటో, టాప్ కోట్ కావాలా అక్కర్లేదా అని సెల్లర్‌ని రాతపూర్వకంగా అడగండి, జవాబు దాచుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. సీల్ తియ్యకముందే లేబుల్ చదివి, మైనం అని గానీ సిలికోన్ అని గానీ కనిపిస్తే అలాగే వెనక్కి పంపెయ్యండి.

ఇప్పటికే రాసేసి చేతులు నల్లబడుతున్నవాళ్ళు దానిమీద ఇంకో పొర మాత్రం పూయకండి. లెదర్ క్లీనర్‌తో పైన చెప్పినట్టే, తెల్ల గుడ్డకి రంగు అంటడం తగ్గేదాకా విడతలు విడతలుగా తుడవండి. రోజుకి రెండు మూడు విడతలు చాలు, మధ్యలో లెదర్ ఆరాలి. ఇంకా జిడ్డుగా తగులుతుంటే చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డని ఒక్కసారి, రుద్దకుండా, చుట్టూ నడపండి. ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క కొద్ది క్షణాల్లో ఇంకిపోతే ఆ చోట పూత లేదు, పిగ్మెంట్, టాప్ కోట్ వెయ్యాలి. ఇంకకుండా జారిపోతే పూత మిగిలే ఉండవచ్చు, లేదా మైనం ఇంకా పోలేదు. మరో రెండు విడతలు తుడిచి మళ్ళీ చూడండి. తోలు చిరిగి కింది ఫోమ్ కనిపిస్తున్న స్టీరింగ్‌కి ఈ పనులేవీ వద్దు, నేరుగా కొత్త లెదర్ కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.