నా సీటు నేనే ఎంచుకోనిచ్చిన సైటు: నాలుగేళ్లు వాడాక

ఈ బస్సు టికెట్ల సైటును నేను నాలుగేళ్లుగా వదలకుండా వాడుతున్నది ఒక్క సీట్ల పేజీ కోసమే. మిగతావి అన్ని సైట్లలో ఉన్నవే, వాటి జోలికి పోను. నాకు చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే పని చేసుకుంటాను. అంతకుముందు వాడిన సైట్లలో సీట్ల బొమ్మ దాకా వచ్చి ఆగిపోయేవాణ్ణి. ఇంట్లో ఎవరినో పిలిస్తే, "ఏదో ఒకటి పెట్టేశాలే" అనేవారు. ఆ ఏదో ఒకదానిలో చాలా రాత్రులే ప్రయాణం చేశాను.

ఇక్కడ సీట్లను పట్టికగా పెట్టారు. కంట్రోల్, ఆల్ట్ మీటలు నొక్కిపట్టి బాణాలు కొడుతుంటే ఒక్కో గడిలోకి వెళ్తాం. "మూడో వరుస, కింది బెర్తు, కిటికీ పక్క, ఖాళీ, బటన్" అని వినిపిస్తుంది. కుడి బాణం కొడితే "నడిచే దారి". ఇంకోసారి కొడితే అవతలి వైపు బెర్తు. బస్సు లోపల ఏది ఎక్కడుంటుందో నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే. ఎంటర్ కొట్టగానే "ఎంపికైంది" అంది. ఆ మాట కోసమే మళ్లీ తీసేసి మళ్లీ ఎంచుకున్నాను. కిటికీ పక్కన నీకెందుకు అని అడిగినవాళ్లున్నారు. తెల్లవారుజామున మొహానికి గాలి తగలడం నాకిష్టం. అందుకు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడు సైటు రూపం మార్చారు. పట్టిక పోయింది. "ఐదు క్లికబుల్, ఆరు క్లికబుల్, ఏడు క్లికబుల్", అంతే. ఏది ఖాళీ, ఏది నిండింది అన్నది రంగులో మాత్రమే ఉందట. ఏది పైన, ఏది కింద అన్నది బొమ్మలో మాత్రమే. ఎంటర్ కొడితే ఏ జవాబూ లేదు. పేజీ చివరికి వెళ్లి మొత్తం సొమ్ము మారిందో లేదో చూసుకుని, సీటు పడిందో లేదో పోల్చుకునేవాణ్ణి.

ఆ వారంలోనే అమ్మ ఒక్కతే ఊరెళ్లాల్సి వచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పై బెర్తు ఎక్కలేదు. ముందు వచ్చే అంకెలు కింది బెర్తులవే అన్నది నా పాత అలవాటు. ఆరు ఎంచుకున్నాను. టికెట్‌లో కూడా అంకె తప్ప ఏమీ లేదు. రాత్రి బస్సెక్కాక ఫోన్ చేసి, "ఇది పైదిరా, ఎలా ఎక్కను?" అంది. కొత్త అమరికలో సరి అంకెలన్నీ పైవట. ఎవరో అమ్మాయి తన కింది బెర్తు ఇచ్చింది కాబట్టి గట్టెక్కింది. అమ్మ నన్ను ఏమీ అనలేదు. "పోనీలే" అంది. ఆ పోనీలే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఫిర్యాదు రాస్తే మొదట వచ్చిన జవాబు, బ్రౌజర్ క్యాష్ తుడిచి మళ్లీ చూడమని. రెండోసారి కూర్చుని వివరంగా రాశాను. ఏ సీటు దగ్గర ఏం వినిపిస్తోంది, ఏం వినిపించాలి అని వరుసగా. ప్రతి బటన్‌కూ పేరు, అది ఏమిటి, ఏ స్థితిలో ఉంది అన్నవి స్క్రీన్ రీడర్‌కు అందాలని, రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదని వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు, 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 లోనే ఉంది. అదీ అన్నిటికన్నా కింది మెట్టయిన 'ఏ' స్థాయిలో. 2023లో వచ్చిన 2.2 లోనూ ఆ రెండు నియమాలు అలాగే ఉన్నాయి. ఏడు వారాల తర్వాత సైటు తయారుచేసే వాళ్లలో ఒకరు ఫోన్ చేశారు. నా స్క్రీన్ రీడర్ చప్పుడు అరగంట ఓపిగ్గా విన్నారు. నెల తిరక్కుండా పట్టిక తిరిగొచ్చింది. ఇప్పుడు టికెట్‌లోనూ "కింది బెర్తు" అని ఉంటోంది.

పట్టిక గురించి పైన అంత సంబరంగా చెప్పాను గానీ, అది కంప్యూటర్‌లోనే. ఫోన్ యాప్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తో ఇప్పటికీ సీట్లు ఒట్టి అంకెలుగానే వినిపిస్తాయి. కంప్యూటర్‌లో కూడా సీటు ఎంచుకున్నాక ఎనిమిది నిమిషాల గడువు మొదలవుతుంది. ఆ లెక్కను సెకను సెకనుకూ చదువుతుంటే కార్డు నంబరు కొడుతున్నప్పుడు నా అంకెలే నాకు వినపడవు, ఒకటే టెన్షన్. ఎన్‌వీడీఏ మీటతో పాటు 5 నొక్కి ఆ గోల ఆపుతాను. కానీ అప్పుడు "ఓటీపీ తప్పు" అని వచ్చినా చెప్పదు. సీటును ఎవరి కోసమూ ఎక్కువసేపు ఆపి ఉంచలేరు, ఆ మాట ఒప్పుకుంటాను. రెండు నిమిషాలు మిగిలినప్పుడు ఒక్కసారి చెబితే చాలు కదా.

నేను నెలకు రెండు మూడు ప్రయాణాలు చేస్తాను, ల్యాప్‌టాప్ ఉంది, ఏళ్ల తరబడి అలవాటైన మీటలు. నాలాంటి వాళ్లయితే వాడొచ్చు అంటాను. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు చెప్పను. చూపు కొంచెమే ఉన్న నా స్నేహితుడికైతే లేత బూడిద రంగు మీద తెల్ల అంకెలు ఆనడం లేదు. దాని గురించి కూడా రాశాను, జవాబు ఇంకా రాలేదు. వచ్చే వారం అమ్మకు మళ్లీ టికెట్ తీశాను. డబ్బు కట్టే ముందు వెనక్కి వెళ్లి "కింది బెర్తు" అన్న మాట రెండుసార్లు విన్నాను.