డేటా టీమ్ లేని కంపెనీకి రిపోర్టుల కోసం ఏది మేలు: షీటా, రెప్లికానా, వేర్‌హౌసా?

షీట్ల సంగతి తొందరగా తేలిపోతుంది. గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలుకు కోటి సెల్సే హద్దు. 40 కాలమ్‌లుంటే రెండున్నర లక్షల వరసలకే నిండిపోతుంది. అంతదాకా ఎందుకు, ఆలోపే ఎవరో ఒక కాలమ్‌ను పక్కకు జరిపి కొన్ని ఫార్ములాలు చెడగొడతారు.

డేటా అంతా ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటే మాత్రం రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే పనికొచ్చే దాని నకలు) పెట్టి, దానికి మెటాబేస్ అనే రిపోర్టుల టూల్ తగిలించడమే మేలు. వేరే ఆలోచన అక్కర్లేదు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌తో కనెక్ట్ చేయండి. ఆ యూజర్‌ను అసలు డేటాబేస్‌లోనే సృష్టించాలి, రెప్లికాలో కుదరదు. పెద్ద రిపోర్టు నడుస్తూ నడుస్తూ మధ్యలో తెగిపోతే కంగారు పడకండి. అసలు డేటాబేస్ నుంచి వస్తున్న మార్పులకు ఆ రిపోర్టు క్వెరీ (డేటా కోసం అడిగే ప్రశ్న) అడ్డుపడితే, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా 30 సెకన్ల వరకే ఓపిక పట్టి దాన్ని రద్దు చేస్తుంది. మ్యాక్స్ స్టాండ్‌బై స్ట్రీమింగ్ డిలే అనే సెట్టింగ్ పెంచితే సరిపోతుంది. అప్పుడు రెప్లికా కొన్ని నిమిషాలు వెనకబడొచ్చు. రిపోర్టులకు అదేమంత నష్టం కాదు.

పేమెంట్లు ఒకచోట, ప్రకటనల ఖర్చు ఇంకోచోట, ఆర్డర్లు మరోచోట ఉండి వాటిని కలిపి చూడాలంటే వేర్‌హౌస్, అంటే అన్నిచోట్ల డేటానూ ఒకచోట చేర్చే డేటాబేస్, తప్పదు. గూగుల్ వారి వేర్‌హౌస్ బిగ్‌క్వెరీలో సర్వర్ బాదరబందీ లేదు, ఆన్-డిమాండ్ (చదివిన డేటాను బట్టి బిల్లు) పద్ధతిలో నెలకు మొదటి 1 టెబీబైట్ (సుమారు 1,100 జీబీ) స్కాన్ ఉచితం. చిక్కంతా బిల్లుతోనే. మామూలు టేబుల్ మీద లిమిట్ 10 (పది వరసలే చాలు) అని రాసినా, అడిగిన కాలమ్‌లను మొత్తం చదివేస్తుంది. కొత్త డేటా చేరుతూ ఉండే 200 జీబీ టేబుల్‌పై సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ ఇవ్వమనే క్వెరీ) పెట్టిన డాష్‌బోర్డు గంటకోసారి రిఫ్రెష్ అయితే, ఆరు గంటల్లోనే ఉచిత కోటా హుష్‌కాకి. అందుకని టేబుల్‌ను తేదీవారీగా పార్టిషన్ చేసి (ముక్కలుగా విడదీసి), ఏ తేదీలు కావాలో చెప్పే పార్టిషన్ ఫిల్టర్ తప్పనిసరి చేయండి. క్వెరీకి మ్యాగ్జిమమ్ బైట్స్ బిల్డ్ (ఎంత డేటాకు మించి బిల్లు పడకూడదో చెప్పే) హద్దు కూడా పెట్టండి. స్నోఫ్లేక్ అనే ఇంకో వేర్‌హౌస్ సేవలో లెక్క వేరు. అక్కడ వేర్‌హౌస్ (క్వెరీలు నడిపే యంత్రం) మేలుకుని ఉన్నంతసేపూ మీటరు తిరుగుతుంది, లేచిన ప్రతిసారీ కనీసం 60 సెకన్ల ఛార్జీ. నిమిషానికోసారి రిఫ్రెష్ అయ్యే డాష్‌బోర్డు దాన్ని నిద్రపోనివ్వదు.

బిల్లు కనీసం కంటికి కనిపిస్తుంది. కనిపించనిది సింక్ (డేటాను వేర్‌హౌస్‌కు తెచ్చే పని)లో జరిగే తప్పు. ఎయిర్‌బైట్ లాంటి టూల్ అప్‌డేట్ తేదీ చూసి మారిన వరసలనే తెస్తుంటే, డిలీట్ చేసిన వరసల కబురు దానికి అందదు. తీసేసిన ఆర్డర్లు వేర్‌హౌస్‌లో అలాగే ఉండిపోయి అమ్మకాలు ఎక్కువగా కనిపిస్తాయి, ఎర్రర్ కూడా రాదు. డేటాబేస్ లాగ్ (ప్రతి మార్పూ నమోదయ్యే చిట్టా) చదివే సీడీసీ పద్ధతికి మారండి, లేదా వారానికోసారి ఆ టేబుల్‌ను పూర్తిగా మళ్లీ లోడ్ చేయించి, రెండు వైపులా వరసల సంఖ్య సరిపోల్చండి. ఆ పని చేయడానికి మనిషి లేకపోతే రెప్లికా దగ్గరే ఆగడం నయం.