రికార్డర్ మింగేసిన నాలుగు సెకన్లు: మూడేళ్ల వాడకం తర్వాత

ఈ చిన్న వాయిస్ రికార్డర్ కొన్న రెండు నెలలకే దీన్ని మెచ్చుకుంటూ రాశాను. మాట వినిపిస్తేనే రికార్డు చేసి, మాట ఆగితే తానూ ఆగిపోయే వసతి ఇందులో ఉందని, సభలో మాట్లాడటానికి సాధన చేసుకునేవారికి అది వరమని అప్పుడు రాసిన మాట. అది చదివి ఇద్దరు ముగ్గురు కొన్నారు కూడా. వారికైనా ఈ సంగతి చెప్పాలి. మూడేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఆ వసతే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు చదవడం, రాయడం మా నాన్న వసారాలో కూర్చోబెట్టి నేర్పించారు. మహిళా పొదుపు సంఘానికి కార్యదర్శిని కాబట్టి ఏటా సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపించాలి. ఇంటి దగ్గర ఎన్నిసార్లు చదువుకున్నా, మైకు ముందు నిలబడగానే నోరు పిడచగట్టుకుపోయేది. అరచేతులు చల్లబడేవి. చేతిలో కాగితం వణికి, ఆ రెపరెప మైకులో పడి హాలంతా వినిపించేది. ఒడియాలో మాట్లాడితే భయం ఒక్కటే. తెలుగులో అయితే భయానికి తోడు సిగ్గు. సరిహద్దు దాటితే పాతపట్నం. అక్కడి నుంచి వచ్చే పెద్దల ముందు నా తెలుగు ఎక్కడ తప్పుపోతుందోనని బెంగ.

ఫోనులోనే రికార్డు చేసుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. మా ఇంట్లో ఫోను నలుగురి చేతుల్లో తిరుగుతుంది. తడబడుతున్న నా గొంతును నేను వినకముందే ఇంకొకరు వినడం నాకు ఇష్టం లేదు. విడిగా ఒక పరికరం కొన్నది అందుకే. ఈ విషయంలో ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు.

మొదటి వారం నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అది అందరికీ జరిగేదే. మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది. ఎముక మోసుకొచ్చే ఆ మంద్రస్వరం రికార్డులో ఉండదు కాబట్టి గొంతు సన్నగా, పీలగా అనిపిస్తుంది. పది రోజుల్లో అలవాటైపోయింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆ ఏడాది ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి మా ఊళ్లో ఆరు నిమిషాలు మాట్లాడమని పెద్దలు నన్ను అడిగారు. ఆయన 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది మా పర్లాకిమిడిలోనే. సవరల భాష నేర్చుకోవడానికి కొండలెక్కి, మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్న మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అటువంటి ఆయన గురించి చెప్పేటప్పుడు ఒక్క అక్షరం కూడా తప్పకూడదనుకున్నాను. రోజూ సాయంత్రం దీపం పెట్టాక మేడ మీదికి వెళ్లి, మాట్లాడి, రికార్డు చేసుకుని వినేదాన్ని.

వింటే వాక్యాల మొదటి అక్షరాలు లేవు. ‘పర్లాకిమిడి’ బదులు ‘ర్లాకిమిడి’. ‘సవర కొండలు’ బదులు ‘వర కొండలు’. అన్నిసార్లూ కాదు. కాస్త ఆగి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టిన వాక్యాలన్నిటిలోనూ ఇంతే. అది నా నాలుక తప్పనే అనుకున్నాను. ఒడియా బడిలో పెరిగిన నోరు కదా, తెలుగు మాటను నిండుగా ఎత్తుకోలేకపోతోందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఇంకో విచిత్రం, గాలి బాగా వీచిన సాయంత్రాల్లో అక్షరాలన్నీ చక్కగా ఉండేవి. ‘ఈ రోజు నోరు తిరిగింది’ అని నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. గాలి లేని రోజున మళ్లీ అక్షరాలు పోయేవి, నేను మళ్లీ కుంగిపోయేదాన్ని.

దిద్దుకోవడానికి ప్రతి వాక్యం మొదటి అక్షరాన్ని ఒత్తి పలకడం సాధన చేశాను. ఒకటి రెండు రోజులు కాదు, ఐదు వారాలు.

జయంతి రోజు వచ్చింది. నడుముకు దోపుకున్న రుమాలులో రికార్డర్ పెట్టుకున్నాను. మొదటి మూడు నిమిషాలు బాగానే సాగింది. ‘1925లో’ అన్నాను. ఆ తర్వాతి మాట పోయింది. ఏ ఊరి సభలో పంతులుగారు నాలుగు గంటల పాటు ఉదాహరణలు చెబుతూ వాడుక భాష పక్షాన మాట్లాడారో, ఆ ఊరి పేరు నాకు తట్టలేదు. చెవులు గుయ్యిమన్నాయి. ఒక నిమిషం గడిచిందనిపించింది. హాలంతా నన్ను చూసి జాలిపడుతోందనిపించింది. ఆఖరికి ‘తణుకులో’ అన్నాను. అక్కడి నుంచి మిగిలిందంతా పరుగుపరుగున చదివేసి కూర్చున్నాను. ఎవరి ముఖమూ చూడలేదు.

సభ అయ్యాక పాతపట్నం నుంచి వచ్చిన విశ్రాంత తెలుగు మాస్టారు ఒకరు దగ్గరికి వచ్చారు. “బాగా చెప్పావమ్మా. కానీ వాక్యం ఎత్తుకునేటప్పుడు మొదటి అక్షరాన్ని అంతలా ఒత్తుతావెందుకు? నీ మాట తీరు అది కాదే. మామూలుగా మాట్లాడితే చక్కగా ఉంటుంది నీ తెలుగు” అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రి రికార్డు విన్నాను. నేను ఆగిన చోటు అందులో లేదు. ‘1925లో’ వెంటనే ‘ణుకులో’ అని వినిపించింది. సందు లేదు, ‘త’ లేదు. ముందు ప్రాణం లేచొచ్చింది, నేను అసలు ఆగనే లేదేమోనని. వెంటనే అనుమానం పుట్టింది. బరంపురంలో చదువుకుంటున్న మా అక్క కూతురు సభనంతా తన ఫోనులో వీడియో తీసింది. తెప్పించుకుని చూశాను. అందులో ‘తణుకులో’ అని నిండుగా ఉంది. నిండుగా అంటే, ‘త’ మీద సుత్తితో కొట్టినట్టు. నా నోటి నుంచి ఏ అక్షరమూ ఎప్పుడూ జారిపోలేదు.

మర్నాడు రికార్డర్ మెనూ అంతా వెతికాను. సంగతి ఇది. ఈ వసతి పనిచేస్తున్నప్పుడు శబ్దం ఒక మట్టానికి దిగితే రికార్డింగు ఆగిపోతుంది. మళ్లీ శబ్దం రాగానే మొదలవుతుంది, కానీ మేలుకోవడానికి దానికి రెప్పపాటు కాలం పడుతుంది. ఆ రెప్పపాటులో వాక్యం మొదటి అక్షరం పోతుంది. గాలి వీచిన రోజుల్లో ఆ హోరుకు రికార్డర్ ఆగేదే కాదు, అందుకే అక్షరాలు నిలిచేవి. నా నాలుకకు, గాలికి సంబంధం లేదు. ఇంత చేసి మెమరీలో ఇది మిగిల్చే చోటు ఏమైనా ఉందా అంటే, నా అవసరానికి ఏమీ లేదు. సీడీ నాణ్యతతో ఒక్క మైకు మీద రికార్డు చేస్తే నిమిషానికి ఐదు ఎంబీలకు కాస్త పైన. ఆరు నిమిషాల ప్రసంగానికి ముప్ఫై రెండు. 8 జీబీ మెమరీలో ఇరవై నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఎవరో గంటలకొద్దీ సాగే సమావేశాలు రాసుకునేవారికి పనికొచ్చే వసతిని, కొన్న రోజు నుంచే పనిచేసేలా పెట్టి అమ్మారు. పెట్టెలో వచ్చిన కాగితంలో అక్షరం పోవచ్చన్న ముక్క ఎక్కడా లేదు. ఐదు వారాలు నా తెలుగును నేనే అనుమానించేలా చేసినందుకు నాకు ఈ రోజుకీ కోపమే.

అయితే ఆ వీడియో వల్ల నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. నేను ఆగిన చోటును గడియారం పెట్టి చూశాను. నాలుగు సెకన్లు. నమ్మలేక మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నాలుగే. ఆ నాలుగు సెకన్లలో ఏం జరిగిందో కూడా చూశాను. ముందు వరుసలో ఒక పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి కాస్త ముందుకు వంగారు. పక్కన కూర్చున్నావిడ ఒడిలో పిల్ల తల అటు నుంచి ఇటు మార్చుకుంది. ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పక్కవారి వైపు తిరగలేదు. నేను చెప్పబోయే ఊరి పేరు కోసం వాళ్లు ఎదురు చూస్తున్నారు, అంతే. నా ముఖంలో కూడా లోపలి అల్లకల్లోలం ఏమీ కనబడలేదు. “నీ కంగారు నీకు తెలిసినంత ఎదుటివాళ్లకు తెలియదు పిన్నీ” అంది మా అక్క కూతురు. తను చదివేది మనస్తత్వ శాస్త్రం. మన కంగారు అందరికీ కనబడిపోతోందనుకునే ఈ భ్రమ సంగతి ముందే చెప్పి మాట్లాడిస్తే వక్తలు మరింత బాగా మాట్లాడారని సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు 2003లో ప్రచురించిన పరిశోధన గురించి చెప్పింది. ఆ వీడియో చూడకముందు చెప్పి ఉంటే ఓదార్పు మాటలనుకునేదాన్ని.

అప్పటి నుంచి ఆ వసతిని తీసేసి రికార్డు చేస్తున్నాను. ఇప్పుడు నేను ప్రధానంగా వినేది నా మౌనాలను. తెర మీద సెకన్లు నడుస్తుంటాయి. వాక్యం అయ్యాక కావాలనే ఆగి, మెల్లగా ఊపిరి వదిలి, రెండు మూడు సెకన్ల తర్వాత తర్వాతి వాక్యం ఎత్తుకుంటాను. మొదట్లో ఆ రెండు సెకన్లు కూడా భరించలేకపోయేదాన్ని. కిందటి సర్వసభ్య సమావేశంలో అప్పుల మీద వడ్డీ గురించి ఒకావిడ గట్టిగా నిలదీసింది. పాత రోజుల్లో అయితే నోటికొచ్చింది చెప్పేసేదాన్ని. ఆ రోజు పుస్తకం తిప్పి, పేజీ చూసుకుని, అప్పుడు జవాబు చెప్పాను. ఇంటికి వచ్చి వింటే పేజీలు తిరిగిన చప్పుడుతో కలిపి ఏడు సెకన్లు. హాలు ఊరికే కూర్చుంది.

ఇంత చెప్పాను కాబట్టి రికార్డర్ నా భయం పోగొట్టిందనుకోవద్దు. చేతులు ఇప్పటికీ చల్లబడతాయి. కాగితం బదులు గట్టి అట్ట పట్టుకుంటున్నాను, రెపరెప ఆగింది, దానికీ రికార్డర్‌కూ సంబంధం లేదు. రోజూ విని దిద్దుకోమని పాత సమీక్షలో రాశాను. అది కూడా అందరికీ సరిపడదు. సభకు ముందు రోజు మూడుసార్లు విన్న ఏడాది ప్రతి మాటలోనూ వంకలే కనిపించి, రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు వారానికి ఒక్కసారే వింటాను. సభకు రెండు రోజుల ముందు నుంచి సాధన రికార్డులను అసలు ముట్టుకోను.

కోపం తీరకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఆ వసతి దానంతటదే మళ్లీ మొదలవుతుంది. తెర మూలన చిన్న అక్షరాల్లో దాని గుర్తు ‘వి.ఓ.ఆర్.’ అని కనిపిస్తుంది, నా చత్వారం కళ్లకు అది అందదు. అందుకే బ్యాటరీ వేశాక ముందు ‘పర్లాకిమిడి’ అని ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి పలికి వింటాను. రెండోసారి ‘ప’ ఉంటే సరే.

కొనమంటారా అంటే, నేనెలా చెప్పగలను? సొంత ఫోను ఉండి, తలుపు వేసుకునే గది ఉన్నవారికి దీనితో పని లేదు. గుండె దడ, ఊపిరాడకపోవడం వంటివి ఉన్నవారు ముందు వైద్యుణ్ని కలవాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగి, తప్పంతా తమ నాలుకదేనని నమ్మేవారు మా వైపు చాలామంది ఉన్నారు. వారు కొంటే మాత్రం, మొదటి రోజే మెనూలోకి వెళ్లి ఆ వసతిని తీసేయండి. నాది ఇంకా బాగానే పనిచేస్తోంది. ఆ నాలుగు సెకన్ల ముక్కను వీడియో నుంచి కోయించి ఈ రికార్డర్‌లోనే దాచుకున్నాను. సభకు వెళ్లే ముందు దాన్ని వినే వెళతాను.