ఉక్కు ఫ్యాక్టరీ గ్యాసు: కరెంటు తీస్తే మేలా, ఇథనాల్ తీస్తే మేలా?

ఉక్కు ఫ్యాక్టరీ గ్యాసంటే గొట్టంలోంచి వృథాగా పోయేదేనని చాలామంది అనుకుంటారు. కానీ ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసులో ఐదో వంతు, ఒక్కోసారి అంతకు మించి కార్బన్ మోనాక్సైడే. అది మండే సరుకు కాబట్టి ఎవరూ ఊరికే వదులుకోరు. మన విశాఖ ఉక్కులో కూడా ఇలాంటి గ్యాసులతోనే ఫర్నేసులు వేడెక్కిస్తారు, బాయిలర్లు నడిపి కరెంటు తీస్తారు. ఈ గ్యాసును తిని ఇథనాల్ చేసే బ్యాక్టీరియా ఒకటుంది. మిగిలిపోయి ఫ్లేర్‌లో, అంటే పొగగొట్టం కొసన మంటపెట్టి, తగలబెట్టేసేదాన్ని దానికి పెడితే ఎవరికీ పేచీ లేదు. పనిలో ఉన్న గ్యాసును మళ్లిస్తే మాత్రం ఆ మేరకు కరెంటు బయట కొనాలి. అసలు పోటీ అక్కడే.

ముందు ఆ బ్యాక్టీరియా సంగతి. పేరు క్లోస్ట్రిడియమ్ ఆటోఇథనోజెనమ్. మొదట దొరికింది కుందేలు పెంటికల్లో. చక్కెర అక్కర్లేదు, వెలుతురు అక్కర్లేదు. 37 డిగ్రీల వెచ్చదనంలో కార్బన్ మోనాక్సైడ్ తిని ఇథనాల్ వదులుతుంది. 2005లో న్యూజిలాండ్‌లో పుట్టిన లాంజాటెక్ దీన్ని సానబట్టింది. ఆ పద్ధతితో 2018లో చైనాలోని కావోఫైదియన్‌లో ఒక ఉక్కు కర్మాగారం పక్కన ప్లాంటు మొదలైంది. బెల్జియంలోని ఘెంట్‌లో ఆర్సెలర్ మిత్తల్ కట్టిన ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 8 కోట్ల లీటర్లు.

శక్తి లెక్క చూస్తే బ్యాక్టీరియాదే పైచేయి. కార్బన్ మోనాక్సైడ్‌లో ఉన్న శక్తిలో సుమారు 80 శాతం ఇథనాల్‌లోకి చేరుతుంది. అదే గ్యాసును బాయిలర్‌లో మండిస్తే కరెంటుగా చేతికొచ్చేది 35, 40 శాతమే. అయితే ఆ 80 కాగితం మీది అంకె. ఈ గ్యాసు నీళ్లలో సరిగా కరగదు, ఒత్తిడి పెట్టి పొడుగాటి ట్యాంకుల్లోకి ఎక్కించాలి. తయారయ్యే ద్రవంలో ఇథనాల్ కొద్దిగా, నీళ్లు బోలెడు. వాటిని విడదీయడానికి ఆవిరి ఖర్చవుతుంది. ఇవన్నీ తీసేసినా ఇంకో మాట మిగులుతుంది: కరెంటుకు సోలార్ ఉంది, గాలిమరలున్నాయి. విమానంలో పోయడానికి ద్రవ ఇంధనం అంత తేలిగ్గా దొరకదు. 2018లో వర్జిన్ అట్లాంటిక్ విమానం ఒకటి ఈ ఇథనాల్ నుంచి చేసిన ఇంధనాన్ని కలుపుకొని ఒర్లాండో నుంచి లండన్ వచ్చింది.

కార్బన్ లెక్క దగ్గర మాత్రం ప్రచారం శ్రుతి మించింది. హైడ్రోజన్ తోడు లేకపోతే ఆరు కార్బన్ మోనాక్సైడ్ అణువులకు ఒక్క ఇథనాల్ అణువు వస్తుంది. నాలుగు కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతాయి. ఆ ఇథనాల్ కూడా చివరికి ఇంజిన్‌లో మండేదే. లాభమల్లా అంత పెట్రోలు తగ్గడమే. దీన్ని "కార్బన్‌ను పట్టి దాచడం" అనకూడదు.

బ్యాక్టీరియా లేకుండా, ఉత్ప్రేరకాలతో గ్యాసును ద్రవ ఇంధనంగా మార్చే ఫిషర్-ట్రాప్ష్ పద్ధతీ ఉంది. దానికి 200 డిగ్రీలు దాటిన వేడి కావాలి, హైడ్రోజన్ పాళ్లు సరిగ్గా కుదరాలి, గంధకం తగిలితే పాడవుతుంది. బ్యాక్టీరియాకు అంత పట్టింపు లేదు. అలాగని ఏది పెట్టినా తింటుందనుకుంటే పొరపాటే. ఫ్లోరిడాలోని వెరో బీచ్‌లో ఇనియోస్ బయో చెత్తను గ్యాసుగా మార్చి ఇదే పని చేయబోయింది. గ్యాసులో వచ్చిన హైడ్రోజన్ సయనైడ్ బ్యాక్టీరియాను దెబ్బతీసింది. చివరికి ప్లాంటును అమ్మకానికి పెట్టారు.

మన దేశంలో పానిపట్ చూడాలి. ఇండియన్ ఆయిల్ అక్కడ రిఫైనరీ గ్యాసుతో రోజుకు 128 కిలోలీటర్ల సామర్థ్యమున్న ఇథనాల్ ప్లాంటు పెట్టింది. 2022లో ప్రారంభించిన వరిగడ్డి ప్లాంటుదీ పానిపటే, సామర్థ్యం 100 కిలోలీటర్లు. గడ్డి కోతల కాలంలోనే దొరుకుతుంది, మోపులు కట్టాలి, ఏడాదంతా దాచాలి. గ్యాసు పైపులో వస్తుంది. రైతుకు నాలుగు డబ్బులొచ్చేది మాత్రం గడ్డితోనే.

నన్నడిగితే, సగం నైట్రోజన్ ఉండే బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసును బాయిలర్‌కే వదిలేస్తాను, ఘెంట్ వాళ్లు దాన్నే వాడుతున్నా సరే. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే కన్వర్టర్ నుంచి వచ్చే గ్యాసులో 60 శాతం పైగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది బ్యాక్టీరియాకు మంచి మేత. చిక్కల్లా అది ఆక్సిజన్ ఊదే కాసేపే వస్తుంది. బ్యాక్టీరియాకేమో ఆగకుండా కావాలి. అందుకని గ్యాసును నిల్వ చేసే పెద్ద గ్యాస్ హోల్డర్ తప్పదు. బొగ్గును కోక్‌గా కాల్చే కొలిమి నుంచి వచ్చే, సగానికి పైగా హైడ్రోజన్ ఉండే కోక్ ఓవెన్ గ్యాసును దానికి కలిపితే కార్బన్ ఇంకాస్త ఇథనాల్‌లోకి చేరుతుంది, కాకపోతే ముందు అందులోని సయనైడ్, తారు కడగాలి.