లాంగ్ వీకెండ్‌లో అర్మేనియన్ల ఊళ్ళు: గ్లెండేల్ నుంచి ఫ్రెస్నో దాకా

లేబర్ డే సెలవులకి ఎక్కడికెళ్దామంటే మా ఆవిడ యోసెమిటీ అంది, నేను లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్ అన్నాను. ఆఫీసులో నా పక్క సీటు అతను గ్లెండేల్ వాడు, అర్మేనియన్. "మా ఊరికి రా, తిండి సంగతి నీకే తెలుస్తుంది" అని రెండేళ్ళుగా ఊరిస్తున్నాడు. ఎటూ తేలకపోతే చివరికి అమ్మ తేల్చింది. అమ్మది బందరు. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవులో అర్మేనియన్ వర్తకులు ఉండేవారని ఆవిడ చిన్నప్పుడు విన్నదట. హైదరాబాదులో ఉప్పుగూడ దగ్గర వాళ్ళ పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మద్రాసులోనైతే ఏకంగా ఒక వీధికే వాళ్ళ పేరుంది. ప్రపంచంలో మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో అచ్చయింది కూడా మద్రాసులోనే. "మన ఊరు వచ్చిపోయినవాళ్ళేగా, చూసొద్దాం పదండి" అంది అమ్మ. యోసెమిటీ వాయిదా పడింది.

మొదటి రాత్రికి రూము బుక్ చేసింది నేనే, తప్పూ నాదే. మ్యాపులో హాలీవుడ్ పక్కన 'లిటిల్ అర్మేనియా' అని కనబడితే ఇంకేముంది, అక్కడే దిగుదామనుకున్నాను. ఆ పేరుని లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్ 2000లో అధికారికంగా పెట్టింది. ఫ్రీవే మీద బోర్డు కూడా ఉంది. కిందికి దిగి చూస్తే మాత్రం సగం థాయ్ హోటళ్ళు, మిగతా సగంలో స్పానిష్ బోర్డులు. అదే పేటలో థాయ్ టౌన్ కూడా ఉందని అక్కడికెళ్ళాకే తెలిసింది. అర్మేనియన్లు అసలే లేరని కాదు. అలెగ్జాండ్రియా అవెన్యూలో వాళ్ళ బడి, దాని పక్కనే చర్చి ఉన్నాయి. సందుల్లో బేకరీలున్నాయి. సన్‌సెట్, నార్మండీ రోడ్లు కలిసేచోట జాంకూ చికెన్ ఉంది. 1962లో బేరూత్‌లో మొదలైన కొట్టు అది, 1984లో ఇక్కడికొచ్చింది. వాళ్ళ వెల్లుల్లి ముద్ద తెల్లగా వెన్నలా ఉంటుంది, ఘాటు ముక్కులోకెక్కుతుంది. కోడి తినని అమ్మ, శనగ వడలాంటి ఫలాఫెల్‌ని దాంట్లో అద్దుకుని డబ్బా ఖాళీ చేసింది. కానీ కాస్త కలిగినవాళ్ళు ఈ పేట వదిలి కొండ అవతలికి ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇక్కడ ఒక పూట చాలు.

రూము సంగతి చెప్పనక్కర్లేదు. మూడు కార్లు పట్టే చోట ఆరు కార్లు పెట్టించారు. తెల్లవారి మా బండి బయటికి రావాలంటే ఇద్దరిని నిద్రలేపాల్సొచ్చింది. పార్కింగుకి విడిగా 25 డాలర్లు కూడా తీసుకున్నారు. రాత్రంతా హెలికాప్టర్ల మోత.

మర్నాడు గ్లెండేల్. పదిహేను నిమిషాల దూరం, మనుషులు మాత్రం పూర్తిగా వేరు. దాదాపు 1,96,000 జనాభా ఉన్న ఊరు, అందులో మూడో వంతుకు పైగా అర్మేనియన్లే. బ్యాంకు, పళ్ళ డాక్టరు, లాయరు, అందరి బోర్డుల మీదా వాళ్ళ లిపి. కొన్ని అక్షరాలు చూస్తే ఇంగ్లీషు 'యు', 'ఎన్'లను ఎవరో బోర్లించి వెల్లకిలేసి ఆడుకున్నట్టుంటాయి. ఈ లిపిని మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి 405 ప్రాంతంలో కూర్చాడంటారు.

ఇంటిపేర్ల చివర 'యన్' అంటే ఫలానావారి బిడ్డ అని. అందులో ఒక కిటుకుందని మా ఆఫీసతను ముందే చెప్పాడు. చివర 'ఐ-ఏ-ఎన్' అని రాస్తే చాలామట్టుకు పాత వలస, లేదంటే బేరూత్, టెహ్రాన్ల మీదుగా వచ్చినవాళ్ళు. 'వై-ఏ-ఎన్' అని రాస్తే సోవియట్ అర్మేనియా నుంచి, అంటే దాని రాజధాని యెరెవాన్ వైపు నుంచి, తర్వాత వచ్చినవాళ్ళు అయ్యుంటారు. 1975లో లెబనాన్ అంతర్యుద్ధం, 1979లో ఇరాన్ విప్లవం, 1988లో అర్మేనియా భూకంపం, 1991లో సోవియట్ పతనం, ఇలా అక్కడ ఏది కూలినా ఇక్కడికి కొన్ని కుటుంబాలు చేరాయి. ఇది తెలిశాక మా ఆవిడకి బోర్డులు చదవడమే పనైంది. "ఈయన బేరూత్, ఈయన యెరెవాన్" అని కారులోంచే జాతకాలు చెప్పేసింది. ఒక చెప్పుల కొట్టు దగ్గర ఆగి అడిగితే ఆవిడ లెక్క తప్పింది. ఆయన టెహ్రాన్ వాడట. "మా తమ్ముడు రెండో రకంగా రాస్తాడు" అని నవ్వాడు.

బ్రాండ్ బులవార్డ్ షాపింగుకి బాగుంటుంది. మాల్‌లో ఫౌంటెన్, దానికి కాస్త అవతల 1925 నాటి అలెక్స్ థియేటర్. నాకు నచ్చింది మాత్రం దగ్గర్లోని ఆర్త్సాఖ్ అవెన్యూ. మేరీలాండ్ అవెన్యూలో కొంత ముక్కకి 2018లో ఆ పేరు పెట్టారు. 2023లో ఆర్త్సాఖ్ నుంచి, అంటే అజర్‌బైజాన్ సరిహద్దుల్లోని నగోర్నో కరబాఖ్ నుంచి, లక్షమందికి పైగా అర్మేనియన్లు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. ఇక్కడ ఆ పేరు కింద కుర్రాళ్ళు ఐస్‌క్రీం తింటున్నారు. అక్కడి కొట్టులో సూర్జ్ అనే చిక్కటి కాఫీ చిన్న కప్పులో ఇస్తారు, అడుగున మడ్డి ఉంటుంది. అమ్మ తెలియక దాన్నీ తాగేసింది. కొట్టు పెద్దాయన చూసి ఏమీ అనకుండా మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. "మెర్సీ" అన్నాను. వాళ్ళ భాషలో థాంక్సుకి 'ష్నోర్హకలుత్యున్' అని పెద్ద మాటుంది. రోజూ అది పలకలేకేమో, వాళ్ళూ మెర్సీ అనే అంటారు.

శాకాహారులకి ఇక్కడ ఇబ్బంది లేదు. ఝింగ్యాలవ్ హాట్స్ అని ఒక రొట్టె ఉంది, ఆర్త్సాఖ్ వంటే. పలచటి రొట్టెలో పదికి పైగా ఆకుకూరలు సన్నగా తరిగి, మడిచి, పెనం మీద కాలుస్తారు. మసాలా ఉండదు, ఆకు రుచే. దాంతో 'తాన్' తాగాలి, అది మన ఉప్పు మజ్జిగే. అమ్మ రెండు రొట్టెలు తిని, పచ్చిమిరపకాయ ఉందా అని నాచేత అడిగించింది. లేదన్నారు.

ఊరి పైన కొండ అంచున బ్రాండ్ లైబ్రరీ తప్పక చూడండి. దాంట్లో అర్మేనియన్ సంగతేమీ లేదు, మనది ఉంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలోని ఇండియా మండపాన్ని చూసి ముచ్చటపడిన లెస్లీ బ్రాండ్ అనే ఆసామి, అదే పోలికలో 1904లో కట్టుకున్న ఇల్లది. తెల్లటి గుమ్మటాలు, తోరణాలు. టికెట్ లేదు, పార్కింగుకీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ రాత్రి బస ఒక ఇంటి వెనక గదిలో. అద్దె 140 డాలర్లు, శుభ్రం చేసినందుకంటూ ఇంకో 60. ఈ రెండో అంకె బుకింగ్ చివరి పేజీలో గానీ కనబడదు, చూసుకోండి. గది మాత్రం నిశ్శబ్దంగా ఉంది, వంటిల్లుంది, అమ్మకి అన్నం వండుకునే వీలు దొరికింది. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ గ్లెండేల్‌లోనే ఉంటాను.

ఆదివారం దారి కొంచెం చుట్టయినా మాంటెబెల్లో వెళ్ళాం. బిక్‌నెల్ పార్కులో 75 అడుగుల తెల్లటి స్తంభాల గోపురం ఉంది. ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో 1915లో మొదలైన అర్మేనియన్ల నరమేధంలో పోయినవారి కోసం 1968లో కట్టారు. మేమెళ్ళినప్పుడు ముగ్గురే ఉన్నారు, ఒకామె కిందపడ్డ ఎండిన పూలు ఏరుతోంది. వాళ్ళని తలుచుకునే ఏప్రిల్ 24న ఇక్కడ జనం కిక్కిరిసి ఉంటారట.

అక్కణ్ణించి ఫ్రెస్నోకి గ్రేప్‌వైన్ కనుమ దాటి, 99 నంబరు రోడ్డు మీద నాలుగు గంటలు పట్టింది. బేకర్స్‌ఫీల్డ్ దాటాక ఎండ నలభై డిగ్రీలు. రోడ్డు పక్క మోటెల్లో దిగితే ఏసీ చప్పుడు చేస్తోంది గానీ చల్లబరచడం లేదు. "రేపు పొద్దున మెకానిక్ వస్తాడు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పొద్దున్నే మేం వెళ్ళిపోతాం కదయ్యా అంటే, "అయితే ఇబ్బందేముంది" అన్నాడు. వేసవిలో ఫ్రెస్నోలో దిగేవాళ్ళు డబ్బులు కట్టేముందే గదిలోకెళ్ళి పదినిమిషాలు కూర్చోండి.

కాలిఫోర్నియాలో అర్మేనియన్ల అసలు కథ మొదలైంది ఈ ఊళ్ళోనే. 1881లో సెరోపియన్ అన్నదమ్ములు వచ్చారు, వాళ్ళ వెనక బంధువులూ ఊరివాళ్ళూ వచ్చారు. ద్రాక్ష, అంజూర, పుచ్చ వేశారు. ఊరు మాత్రం వెంటనే కలుపుకోలేదు. కొన్ని పేటల్లో ఇళ్ళ దస్తావేజుల్లోనే 'అర్మేనియన్లకు అమ్మరాదు' అని రాసుకున్నారు. వాళ్ళకి మిగిలిన పేటలోనే 1914లో ఎర్ర ఇటుకతో హోలీ ట్రినిటీ చర్చి కట్టారు. సోమవారం తాళం వేసుంది, చుట్టూ తిరిగి చూశాం. విలియం సరోయన్ పుట్టిందీ ఫ్రెస్నోలోనే, 1908లో. ఆయన పులిట్జర్ బహుమతి ఇస్తే వద్దన్న రచయిత. చితాభస్మంలో సగం ఇక్కడి అరారత్ శ్మశానంలో, సగం యెరెవాన్‌లో ఉంది. ఆ శ్మశానంలో రాళ్ళ మీద వరసగా 'ఐ-ఏ-ఎన్'లే. మా ఆవిడ ఈసారి జాతకాలు చెప్పలేదు.

ఊరి బయట తోటల్లో ద్రాక్షగుత్తులు సాళ్ళ మధ్య కాగితాల మీద ఆరబోసి ఉన్నాయి. కిస్‌మిస్ అయ్యేదాకా ఎండలో అలాగే ఉంచుతారు. ఒక పళ్ళ కొట్టు దగ్గర ఆగితే 'అర్మేనియన్ కుకుంబర్' అని బోర్డు, కింద మూరెడు పొడుగు లేతపచ్చ కాయలు. అమ్మ ఒకటి విరిచి వాసన చూసి, "కీరా కాదురా ఇది, మన దోస జాతి" అంది. ఫోనులో వెతికితే అదే నిజం, ఖర్బూజా కుటుంబమే. ఎనిమిది కాయలు కొనిపించింది.

ఇంటికొచ్చాక వాటితో దోసావకాయ వేసింది. ముక్క మెత్తన, మూడోరోజుకే నీరు వదిలేసింది. గ్లెండేల్ నుంచి తెచ్చిన లవాష్ రొట్టెల్లో చుట్టుకుని తినేశాం.