మగ్గం మీద సిరిమాను: ఒక గోడ నేతచిత్రం గురించి

విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే, పూజారి సిరిమాను అనే పొడవైన చింతమాను కొసన కూర్చుని ఊరేగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఒక స్థానిక చిత్రకారుడు ముదురు రంగుల్లో చిత్రించగా, ఆ చిత్రాన్ని పొందూరు దారిలోని ఒక చిన్న నేతశాల, గోడకు వేలాడదీసే టేపెస్ట్రీగా నేసి ఇస్తోంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల ప్రతిని మేము మా ముందుగది కోసం నేయించుకున్నాము. మూలచిత్రం కూడా నేతశాలలోనే ఉండడం వల్ల రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది.

పొందూరు అనగానే వంద కౌంటు సన్నఖాదీ, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకే పనితనం గుర్తుకు వస్తాయి. ఈ నేత తీరు వేరు. గట్టి నూలు పడుగు (నిలువు పోగులు) మీద రంగుల ఉన్ని పేకను (అడ్డపోగులను) దువ్వెనతో దట్టంగా కొట్టి దించుతారు కనుక పడుగు పోగు ఎక్కడా బయటికి కనబడదు. పేక కూడా చీరలో మాదిరిగా ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగకుండా, ఏ రంగు కండె (పోగు చుట్టిన పుల్ల) ఆ రంగు హద్దు వరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. రెండు రంగుల హద్దు పడుగు వెంబడి నిలువుగా సాగితే అక్కడ చీలిక పడుతుంది, దాన్ని తరువాత సూదితో కుట్టాలి. చిత్రంలో చింతమాను దాదాపు నిటారుగా లేచి ఉండడం వల్ల, ఆ చీలిక పడకుండా నేతగాళ్లు బొమ్మను పక్కకు తిప్పి మగ్గానికి ఎక్కించారు. మంచి నిర్ణయం. దగ్గరగా చూస్తే మాను అంచున చిన్నచిన్న మెట్లు కనిపిస్తాయి గాని, నాలుగడుగుల దూరం నుంచి అవి కలిసిపోయి, మాను కొంచెం ఊగుతున్నట్లే అనిపిస్తుంది.

అన్నిటికన్నా బాగా కుదిరినది జనసందోహం. చిత్రకారుడు కుంచె కొసతో వేసిన వందలాది చుక్కలను ఇక్కడ ఒక్కొక్కటిగా అనుకరించలేదు. పసుపు, కుంకుమ ఎరుపు, వంగపండు రంగుల సన్నపోగులను ఒకే కండెకు కలిపి చుట్టడంతో, ప్రతి వరుసలోనూ ఒక్కో రంగు పైకి తేలుతూ మిగిలినవి కిందికి జారుతూ, కోటగోడ దగ్గర తోపులాట నిజంగానే కదులుతున్నట్లుంది. మూలచిత్రం కంటే ఇదే మాకు ఎక్కువ నచ్చిందని చెప్పడానికి మొహమాటం లేదు. ఊరేగింపులో సాగే తెల్ల ఏనుగు కూడా రెండు రకాల తెలుపుతో చక్కగా వచ్చింది.

ఊరేగింపులోనే కనిపించే జాలరి వల మాత్రం చెడింది. కుంచెతో గీసిన సన్నగీతలను పోగు పోగుగా దించబోవడంతో అది బూడిదరంగు చిక్కుముడిలా తయారైంది. 20వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ఓబుసన్ పట్టణపు టేపెస్ట్రీ నేతకు కొత్త ఊపిరి పోసిన చిత్రకారుడు జాఁ ల్యూర్సా, రంగుల సంఖ్యను బాగా తగ్గించి, నమూనాలో భాగానికొక అంకె వేసి నేతగాళ్లకు ఇచ్చేవాడు; ఛాయలన్నిటినీ అనుకరించాలన్న పట్టుదలను ఆ విధంగా పక్కన పెట్టించాడు. వల విషయంలో ఇక్కడ కూడా అంత తెగువ చూపవలసింది.

మాను గోధుమరంగు వెలిసినట్లు కనిపిస్తే మొదట అద్దకాన్నే అనుమానించాము. పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో నల్లరంగులో పస లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, అక్కడి అద్దకాల విభాగాన్ని చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగులే ఆ నలుపును పలచగా చూపుతున్నాయని తేల్చి, ఆ విషయంపై 1839లో పెద్ద గ్రంథమే ప్రకటించాడు. ఇక్కడ జరిగినదీ అదే. చిత్రకారుడు మానుకు ఆనించి గీసిన ముదురు నీలపు గీతను నేతలో వదిలేసి, నారింజరంగు ఆకాశాన్ని నేరుగా కలిపేశారు. ఆ గీతను ఉంచమని ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగడం మంచిది.

ధర 24 వేల రూపాయలు. చేతిపనికి ఇది ఎక్కువ కాదు. దసరాకు ముందు చెబితే సంక్రాంతి దాటాక అందింది, తొందర ఉన్నవారికి కుదరదు. వెనుక నూలుగుడ్డ కుట్టి ఇస్తారు గాని, కర్ర దూర్చడానికి పైన కుట్టిన గొట్టం ఉన్ని బరువుకు మధ్యలో సాగిపోయింది. తిరిగి పంపితే డబ్బు తీసుకోకుండా రెండు వరుసల కుట్టు వేసి ఇచ్చారు, రానుపోను పార్శిలు ఖర్చు మాత్రం మాదే.